ఊరు కట్టుకున్న కళాశాల

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన వారం నుండి మన ఇళ్ళలో ఒకే చర్చ సాగుతూ ఉంటుంది. అబ్బాయిని హైదరాబాదుకు పంపుదామా, విజయవాడకు పంపుదామా అని తండ్రి ఆలోచన. అమ్మాయి సంగతి ఏమిటని తల్లి ప్రశ్న. అబ్బాయి చదువు ఆగితే ఫీజు దగ్గర ఆగుతుంది. అమ్మాయి చదువు చాలాసార్లు గడప దగ్గరే ఆగిపోతుంది. "ఊళ్ళోనే కాలేజీ ఉంటే చదివించేవాళ్ళం" అనే మాట ఎన్ని ఇళ్ళలో విన్నామో లెక్కలేదు. దానిని వట్టి సాకుగా కొట్టివేయడం సులభమే గాని, మేము ఆ పని చేయదలచుకోలేదు. దూరం నిజమైన అడ్డంకి. బస్సు ఛార్జీ, హాస్టలు ఖర్చు, సాయంత్రం బిడ్డ ఇంటికి చేరేవరకు తల్లి పడే ఆందోళన, ఇవన్నీ కలిస్తేనే దూరం. ఆ దూరాన్ని ఒక ఊరివరకు తగ్గించిన కళాశాల కథ ఈ నెల చెప్పుకుందాము.

కర్నూలు ఒకప్పుడు నవాబుల ఊరు. 1839లో కంపెనీ ప్రభుత్వం నవాబు గులాం రసూల్ ఖానును పదవి నుండి తొలగించి సంస్థానాన్ని స్వాధీనం చేసుకున్నది. దర్బారు పోయింది, దర్బారును నమ్ముకొని బ్రతికిన కుటుంబాలు మాత్రం మిగిలాయి. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బజారులో తెలుగు, కచేరీలో ఇంగ్లీషు. మూడు భాషల నడుమ నిలబడిన ఆ ప్రజలకు పై చదువు కావాలంటే ఊరు విడవక తప్పేది కాదు. మదనపల్లెలో 1915లో, అనంతపురంలో 1916లో కళాశాలలు వచ్చాయి. అవీ దగ్గర కావు. అంతకు మించి చదవాలంటే మద్రాసే గతి. కలిగినవారి బిడ్డలు వెళ్ళారు. జట్కా తోలేవాని కొడుకు, నేతగాని కొడుకు ఎక్కడికి వెళ్తాడు?

ఈ ప్రశ్నకు సమాధానం వెతికినవారు డాక్టర్ అబ్దుల్ హఖ్. కర్నూలువారు, అరబీ విద్వాంసులు, అఫ్జలుల్ ఉలమా బిరుదాంకితులు. మద్రాసులోని ప్రభుత్వ ముహమ్మదన్ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేశారు. తరువాతి కాలంలో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి ప్రో వైస్ ఛాన్సలరుగా కూడా వెళ్ళారు. ఇక్కడ ఒక చిన్న సవరణ అవసరము. బాబా ఎ ఉర్దూగా పేరుపొందిన మౌల్వీ అబ్దుల్ హఖ్ వేరు, ఈయన వేరు. మన సభలలో వక్తలు సైతం ఇద్దరినీ కలిపి ఒకరిగా చేసి మాట్లాడుతూ ఉంటారు. పేరు ఒక్కటైనంత మాత్రాన మన ఊరివాని కృషిని మరొకరి ఖాతాలో వేయడం న్యాయము కాదు.

అంతటి విద్వాంసుడు మద్రాసులోనే స్థిరపడి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కారు. ఆయన దృష్టి మాత్రం సొంత ఊరి మీద నిలిచింది. 1947లో కర్నూలులో ఉస్మానియా కళాశాల ప్రారంభమయింది. హైదరాబాదు నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీదుగా ఆ నామకరణం జరిగింది. ఆ సంవత్సరం ఎటువంటిదో పెద్దలు ఎరుగుదురు. దేశం రెండు ముక్కలయింది. ఉండాలా, వెళ్ళిపోవాలా అన్న ప్రశ్న ఎన్నో ముస్లిం కుటుంబాలను వేధిస్తున్న కాలమది. అటువంటి వేళ ఒక ఊరిలో కళాశాలకు పునాది వేయడమంటే, మేము ఇక్కడే ఉంటాము, మా బిడ్డలు ఇక్కడే చదువుతారు అని చెప్పడమే. ఆ మాటను ఎవరూ వేదిక ఎక్కి పలకవలసిన అవసరం లేకపోయింది. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయ్యేనాటికి ఈ కళాశాల వయసు ఆరేళ్ళు.

అదే 1947లో అమెరికాలో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన ఉన్నత విద్యా సంఘం తన నివేదికలో 'కమ్యూనిటీ కాలేజీ' అనే మాటను ప్రచారంలోకి తెచ్చింది. ఆ ఆలోచన అప్పటికే పాతది. ఇల్లినాయిస్ రాష్ట్రంలోని జోలియట్ అనే పట్టణంలో 1901లో ఆరుగురు విద్యార్థులతో మొదలయింది. ఇల్లు విడిచి వెళ్ళలేని పిల్లలకు ఉన్నత పాఠశాలలోనే కళాశాల పాఠాలు చెప్పడం దాని ఉద్దేశ్యము. కర్నూలుకు, జోలియట్‌కు నడుమ ఏ సంబంధమూ లేదు. అయినా ఇద్దరికీ తోచిన ఉపాయం ఒక్కటే: బిడ్డ కళాశాల వద్దకు పోలేకపోతే కళాశాలే బిడ్డ వద్దకు రావాలి. అక్కడ దానిని నడిపినది ప్రజల పన్ను. ఇక్కడ చందా, విరాళము, వఖ్ఫ్.

ఈ చందా కథ దక్షిణాదిలో మరికొన్ని ఊళ్ళలోనూ కనిపిస్తుంది. తోళ్ళ వ్యాపారానికి పేరుపడిన వాణియంబాడిలో 1919లో ఇస్లామియా కళాశాల వెలిసింది. కేరళలో కోళికోడ్ సమీపాన అబుస్సబాహ్ అహ్మద్ అలీ మౌల్వీ మొదట ఒక అరబీ కళాశాలను స్థాపించారు. 1948లో దాని పక్కనే ఫారూఖ్ కళాశాల తలెత్తింది. దానికి భూమి ఒక హాజీ గారు వఖ్ఫ్ చేసినది. దీనుకు, దునియా చదువుకు మధ్య గోడ కట్టాలని ఆ మౌల్వీ గారికి తోచలేదు. మనకే అప్పుడప్పుడు తోస్తూ ఉంటుంది.

ఇటువంటి కళాశాలల తలుపులు ముస్లిం విద్యార్థులకే పరిమితమైనవని బయటివారిలో ఒక అపోహ ఉన్నది. అది సరికాదు. రాజ్యాంగంలోని 30వ అధికరణ అల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలు స్థాపించి నడుపుకునే హక్కును ఇచ్చింది. ఇతరులను బయట నిలబెట్టమని చెప్పలేదు. ఒకే బల్ల మీద రెడ్డిగారి అబ్బాయి, దూదేకులవారి అబ్బాయి కూర్చొని చదివిన తరగతి గదులు ఇవి. ఆ పరిచయము తరువాత జీవితకాలము పనికివస్తుంది.

ఇక బాధ కలిగించే విషయానికి వద్దాము. 2006లో సచార్ కమిటీ తన నివేదికలో 20 ఏళ్ళు నిండిన ముస్లింలలో పట్టభద్రులు, డిప్లొమా పొందినవారు కలిపి నూటికి నలుగురు కూడా లేరని తేల్చింది. దేశ సగటు సుమారు 7. ఆ తేడాను పూడ్చవలసిన ఊరి కళాశాలలే నేడు నీరసిస్తున్నాయి. ఎయిడెడ్ అధ్యాపకులు పదవీ విరమణ చేస్తే ఆ ఖాళీలు ఏళ్ళ తరబడి నిండలేదు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సిబ్బందిని తమకు అప్పగించమని యాజమాన్యాలను కోరింది. విద్యార్థులు, తల్లిదండ్రులు వీధికెక్కిన తరువాత యాజమాన్యాలకు వెనుకకు మళ్ళే అవకాశం ఇచ్చింది. సర్కారును నిందించడానికి కారణాలు ఉన్నాయి. కాని మన సంగతి? ఒక్క వలీమాకు చేసే ఖర్చుతో ఒక అధ్యాపకునికి ఏడాది జీతం ఇవ్వగల కుటుంబాలు మన ప్రతి పట్టణంలోను ఉన్నాయి. శంకుస్థాపన ఫలకం మీద పేరు చెక్కించుకోవడానికి ముందుకు వచ్చేవారు ప్రయోగశాలలో పగిలిన గాజు సీసాల ఖర్చుకు రారు. సదఖా జారియా అంటే భవనమేనని ఎవరు చెప్పారు?

కర్నూలు కథలో మరొక ఘట్టం ఉన్నది. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడింది; దానికి డాక్టర్ అబ్దుల్ హఖ్ పేరే పెట్టారు. తొలి తరగతులకు సొంత భవనాలు లేవు. అప్పుడు చోటు ఇచ్చినది ఉస్మానియా కళాశాలే. మద్రాసుకు వెళ్ళలేని పిల్లల కోసం ఆయన తెరిపించిన ఆవరణలోనే ఆయన పేరు మీద విశ్వవిద్యాలయం కళ్ళు తెరిచింది.

డిగ్రీ ప్రవేశాల సమయం కనుక తల్లిదండ్రులకు ఒక మనవి. ఆన్‌లైనులో ఐచ్ఛికాలు నమోదు చేసే ముందు ఒక్క పూట మీ ఊరి కళాశాలకు వెళ్ళి రండి. అమ్మాయిని వెంట తీసుకు వెళ్ళండి. ఏ సబ్జెక్టుకు అధ్యాపకులు ఉన్నారు, ఏ సబ్జెక్టుకు లేరు అని సూటిగా అడగండి. గ్రంథాలయం తాళం తీయించి చూడండి. ఆడపిల్లలకు విడి గది, నీళ్ళు, నమాజుకు చోటు ఉన్నాయో లేవో కనుక్కోండి. లేకపోతే ఎందుకు లేవో ప్రిన్సిపాలు గారి దగ్గర కూర్చొని తెలుసుకోండి. ఆయన చెప్పే కారణం బహుశా చిన్న మొత్తమే అయి ఉంటుంది. దానిని ఒక కాగితం మీద వ్రాసుకొని, వచ్చే జుమా నాడు మస్జిదు కమిటీ పెద్దల చేతిలో పెట్టండి.