మేడవసారా తీగకటకటాలు

విశాఖపట్టణము వంటి సముద్రతీరపు పట్టణములలో మేడవసారాలకు పిట్టగోడకు బదులు స్టెయిన్‌లెస్ స్టీలు తీగలు బిగించుట నేడు వాడుకయైనది. గాలికిని చూపునకును అడ్డు లేదు గనుక ఇల్లాండ్రకు ప్రీతియే. కాని కొంతకాలమునకే తీగలపై గోధుమవన్నె మరకలు పొడసూపగా, ‘తుప్పు పట్టదంటిరే!’ యని పనివానిని నిందింతురు.

ఇది తుప్పు పట్టని యుక్కు కాదు, తుప్పునకు తాళు నుక్కు. ఇందలి క్రోమియము గాలి సోకి పైని సన్నని పొరయై కాపాడును. సముద్రపుగాలిలోని ఉప్పు ఆ పొరను తినివేయును. నూటికి 2 మొదలు 3 పాళ్ల వరకు మాలిబ్డినము చేరిన 316 రకము, 304 రకముకంటె ఉప్పున కెక్కువ యోర్చును. క్రొత్తగా వేయించువారు బిల్లుపై నీ యంకె వ్రాయించుకొనవలెను.

చూరుక్రింది తీగలకే మరక లెక్కువ. వాన వానిని కడుగదు గదా! కావున తీరమున నున్నవారు నెలకొకమారైనను మంచినీటితో కడిగి, సబ్బునీటిలో ముంచిన మెత్తని గుడ్డతో తుడిచి, మరల కడిగి ఆరనీయవలెను. స్నానపుగది కడుగు ఆసిడును, బ్లీచింగు పొడియు తగులనీయరాదు. ఇనుపపీచుతో తోమినచో దాని రజను మెలికలలో చిక్కి, తానే తుప్పుపట్టి క్రొత్త మరకలు తెచ్చును. మల్లెతీగను ప్రాకించుటకు ఇనుపతీగ చుట్టినను అంతే, నూలుదారము చాలును.

తుడుచునపుడు గుడ్డపోగు ఎచ్చటనైన చిక్కుకొనెనా, అచ్చట పురి తెగినదని గ్రహింపుడు. ఉత్తచేతితో తడవరాదు, సూదివలె గ్రుచ్చును. పురి తెగిన తీగను మార్పింపవలసినదే.

మరకకంటె ముఖ్యమైనది బిగువు. అమెరికాలోని గృహనిర్మాణ నియమము ననుసరించి 4 అంగుళముల బంతి తీగల సందున దూరరాదు. అందువలన తీగలను సుమారు 3 అంగుళముల యెడముననే కట్టుదురు. రెండు స్తంభముల నడిమి భాగమున తీగలను చేతితో ఎడము చేసి కొలిచి చూడుడు. సందు 4 అంగుళములు దాటినచో చంటిపిల్లలకు ప్రమాదము. చివరనున్న మరలను బిగించునపుడు నడుమ తీగతో మొదలిడి, పైకొకటి క్రిందికొకటిగా సాగవలెను. పైతీగనే ముందు బిగించినచో, తక్కినవి బిగియునప్పటికి స్తంభములు లోనికి వంగి అది వదులగును. మర త్రిప్పుచుండగా తీగ తిరుగకుండ పట్టుకొనుట మరువరాదు. స్తంభమే కదలుచున్నచో మర జోలికి పోక పనివానిని పిలువుడు.

మా మట్టుకు మాకు, ప్రాకు వయసు పిల్లలున్న యింట అడ్డుతీగలు రుచింపవు, అవి నిచ్చెనమెట్లే. ఇదివరకే వేయించినవారు పూలకుండీలను, పీటలను, కుర్చీలను తీగల చెంతనుండి నేడే తీసివేయుదురు గాక. వసారా తలుపు గడియ పిల్లల కందని యెత్తున నుండవలెను.