తాబేలుకి ఇల్లు కట్టి చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. మిన్నెసోటా చలికాలంలో తాబేలుకి ఇల్లు కట్టమంటే ఏమనేవారో మరి! మా అమ్మాయి పోరు పడలేక ఒక రెడ్‌ఫుట్ తాబేలుని దత్తత తీసుకున్నాం. దీని సొంతూరు దక్షిణ అమెరికా. గాలిలో తేమ 70-80 శాతం ఉండాలి. మా ఇంట్లోనేమో హీటర్ పుణ్యమా అని చలికాలం పెదాలు పగిలేంత పొడి.

ఇక్కడే అసలు చిక్కు. తాబేలుకి తడి కావాలి, చెక్కకి తడి పడదు. చాలామంది చేసేదేమిటంటే, పెట్టె పాడవుతుందని లోపల నీళ్ళు చల్లడం తగ్గించేస్తారు. అంటే సర్వర్ వేడెక్కుతోందని యూజర్లని తగ్గించుకున్నట్టు! పెట్టె తాబేలు కోసమా, తాబేలు పెట్టె కోసమా?

ఇది చాదస్తం కాదు. 2003లో వీస్నర్, ఇబెన్ అనే పరిశోధకులు ఆఫ్రికా సల్కాటా తాబేలు పిల్లల మీద చేసిన అధ్యయనంలో, డిప్ప గోపురాల్లా ఎగుడుదిగుడుగా పెరగడానికి తిండిలో మాంసకృత్తుల కంటే గాలి పొడిగా ఉండడమే ముఖ్య కారణమని తేలింది. ఎండ ప్రాంతపు తాబేలుకే అలా ఉంటే, రెడ్‌ఫుట్ సంగతి చెప్పాలా? ఒకసారి అలా పెరిగిన డిప్ప మళ్ళీ నునుపు కాదు. దీనికి రోల్‌బ్యాక్ లేదు.

నేను కట్టింది టూకీగా చెప్తాను. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ప్లైవుడ్‌తో. ఎండీఎఫ్, పార్టికల్ బోర్డ్ జోలికి పోకండి, తడి తగిలితే ఉబ్బిపోతాయి. ప్లైవుడ్‌లోకి నీళ్ళు ఎక్కువగా దూరేది కోసిన అంచుల్లోంచి. అందుకని ముందు అంచులకి, తర్వాత మిగతా అంతటికీ నీటితో కలిసే పాలీయురెథేన్ మూడు పూతలు. అయినా పూతని నమ్ముకోకూడదు, గోళ్ళతో గీకిపారేస్తుంది. దాని మీద చెరువులకి వాడే రబ్బరు షీటు ఒకటే ముక్కగా పరిచి, మూలల్లో కోయకుండా మడతపెట్టి, గోడల మీదికి మట్టి మట్టం దాటేదాకా తెచ్చాను. ఆ మట్టానికి కింద షీటుకి ఒక్క మేకూ దిగకూడదు. పై అతుకులకి సిలికాన్. దాని పులుపు వాసన పూర్తిగా పోయాకే తాబేలు గృహప్రవేశం. పెట్టెని కాళ్ళ మీద నిలబెడితే కింద గాలాడుతుంది, కార్పెట్ బూజు పట్టదు.

లోపల కొబ్బరి పొట్టు, సైప్రస్ చెక్క పొట్టు నాలుగంగుళాలు. అడుగున తడిగా ఉండాలి, పైన బురద ఉండకూడదు. ఉంటే డిప్ప అడుగున కుళ్ళు పడుతుంది. వెచ్చటి తేమ మంచిది, చల్లటి తేమ ఊపిరితిత్తులకి చేటు, అందుకని థర్మోస్టాట్ తప్పనిసరి. యూవీబీ దీపం అద్దానికి అవతల పెడితే ప్రయోజనం సున్నా, మామూలు అద్దం ఆ కిరణాలని ఆపేస్తుంది. వైర్లు ప్లగ్గు కంటే కిందికి వంపు తిరిగి పైకెక్కాలి, అప్పుడు తీగ వెంట జారిన నీళ్ళు ప్లగ్గులోకి పోకుండా వంపు దగ్గరే రాలిపోతాయి.

ఇంత చెప్పింది వడ్రంగం నేర్పడానికి కాదండీ. ఈ జీవి యాభయ్యేళ్ళు బతకగలదు. మనమా, వీసా మూడేళ్ళకోసారి పొడిగించుకునే బాపతు. ఇండియా తిరిగి వెళ్ళిపోదాం అనుకున్నప్పుడు దీన్ని సూట్‌కేసులో పెట్టుకుని పోలేం, సైటిస్ అనుమతులుంటాయి. అందుకే, తీసుకునే ముందే "నా తర్వాత ఎవరు?" అన్న ప్రశ్నకి జవాబు ఉండాలి. మేం ఆ పేరు కాగితం మీద రాసుకున్నాకే ప్లైవుడ్ కొన్నాం.

అన్నట్టు, "ఇంట్లో తాబేలుంటే కలిసొస్తుంది, మేమూ ఒక నక్షత్ర తాబేలు తెచ్చుకుంటాం" అనే మిత్రులు హైదరాబాదులో ఉన్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. 2019లో సైటిస్ కూడా దాన్ని మొదటి అనుబంధంలో చేర్చి అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించింది. కలిసొచ్చేది అటవీ శాఖ కేసే.

నా మటుకు నాకు, పెట్టె కట్టే ఓపిక లేనివాళ్ళు తాబేలుని తెచ్చుకోకపోవడమే దానికి చేసే మేలు. పిల్లలు మరీ మారాం చేస్తే జూకి తీసుకెళ్ళండి. టికెట్టు ప్లైవుడ్ కంటే చవక.