తాళం చేతికిస్తే బండి అమ్మినట్టు కాదు

మన పల్లెల్లో పాత బండి చేతులు మారడం చాలా తేలిక. సాయంత్రం వేళ ఇద్దరు పెద్దమనుషుల ఎదుట బేరం కుదురుతుంది. డబ్బు లెక్కపెట్టి చేతిలో పెడతారు. స్టాంపు కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి సంతకాలు చేస్తారు. టీ తాగి, తాళం ఇచ్చి, "మంచిదన్నా, పోయిరా" అంటారు. అంతటితో పని ముగిసిందని ఇద్దరూ అనుకుంటారు. చిక్కులన్నీ అక్కడినుంచే మొదలవుతున్నవని తర్వాత గాని తెలియదు.

ఈ విలేకరి మేనమామకు ఒక పాత అంబాసిడర్ కారు వుండేది. ఊళ్లో పెళ్లికూతుళ్లను అత్తవారింటికి తీసుకుపోయినది ఆ కారే. అర్ధరాత్రి నొప్పులు వచ్చిన తల్లులను ఒంటిమిట్ట నుంచి కడప ఆసుపత్రికి చేర్చినది కూడా ఆ కారే. వయసు మీద పడి నడపలేక, తెలిసినవారి ద్వారా వచ్చిన ఒకరికి ఆయన దానిని అమ్మివేశాడు. "నెలలోగా పేరు మార్పించుకుంటా మామా" అని కొన్నవాడు మాట ఇచ్చాడు. రెండు నెలలకే అతడు మరొకరికి అమ్మాడు. ఆ మరొకరు ఇంకొకరికి అమ్మారు. ఐదేళ్ల తర్వాత పక్క జిల్లా నుంచి రిజిస్టరు నోటీసు వచ్చింది. ఆ కారు ఒక మనిషిని గుద్దింది. పరిహారం కేసులో మామ ప్రతివాది. ఈలోగా కారు రంగు కూడా మారిపోయింది, ఆర్.సి.లో పేరు మాత్రం మారలేదు. మామిడి పంట మీద వచ్చిన డబ్బులో కొంత యిప్పుడు వకీలు ఫీజుకు, బస్సు ఛార్జీలకు పోతున్నది.

"నేను అమ్మేసినాను గదా, కాగితం వుంది గదా" అని ఆయన అడుగుతున్నాడు. అడగవలసిన ప్రశ్నే. కాని దానికి సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరి 6న స్పష్టమైన జవాబు చెప్పింది. పంజాబ్, హర్యానా హైకోర్టు నుంచి వచ్చిన ఆ కేసులో కూడా ఒక కారు ఒకరి తర్వాత ఒకరుగా పలువురి చేతులు మారింది. ప్రమాదంలో ఒకరు చనిపోయారు. కారు ఎవరి దగ్గర వుందన్నది కాదు, ప్రమాదం జరిగిన రోజున రిజిస్టరులో ఎవరి పేరు వుంటే వారే యజమాని అని కోర్టు తీర్పు ఇచ్చింది. మొదట అమ్మిన మనిషే పరిహారానికి బాధ్యుడయ్యాడు. దెబ్బతిన్న కుటుంబం బండి ఎన్ని చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగకూడదన్నది అందులోని న్యాయం. ఆ న్యాయం సరైనదే. మన అజాగ్రత్తే మన మెడకు చుట్టుకుంటున్నది.

మన ప్రాంతానికి దీనికి తోడు మరొక ముప్పు వున్నది. శేషాచలం, లంకమల అడవుల అంచున బతుకుతున్న వాళ్లం మనం. ఎర్రచందనం దుంగలతో పట్టుబడిన బండిని వదిలి డ్రైవరు పారిపోతే, పోలీసులైనా అటవీ శాఖ వారైనా మొదట చూసేది నంబరు ప్లేటునే. ఆ నంబరు నిజమైనదైతే, ఆర్.సి.లో ఎవరి పేరు వున్నదో వారి తలుపే తడతారు. నిరపరాధి చివరకు బయటపడవచ్చు. కాని పోలీసు జీపు ఇంటి ముందు ఆగితే పోయే పరువు మళ్లీ రాదు.

ఇంత తెలిసీ జనం ఎందుకు పేరు మార్పించడం లేదు? అమ్మేవాని అవస్థ ఒక తీరు, కొనేవాని అవస్థ మరొక తీరు. రెండూ విచారించవలసినవే.

పాత కారుకు "అమ్మబడును" అని బోర్డు కట్టిన నాటినుంచి ఆ ఇంటివారికి నిద్ర వుండదు. చూసిపోయేవారే గాని కొనేవారు రారు. నలుగురు వస్తారు, బానెట్ ఎత్తుతారు, టైర్లను కాలితో తన్ని చూస్తారు, తలా ఒక వంక పెడతారు. పది కిలోమీటర్లు తిప్పి, యజమాని పోయించిన డీజిలు కాల్చి, "ఇంట్లో అడిగి చెబుతాం" అని పోతారు. అడ్వాన్సు ఇచ్చినవాడు నెలదాకా కనపడడు, ఈలోగా వచ్చిన మంచి బేరం చేజారుతుంది. ఫోనులో ఫోటో చూసి, బండి చూడకుండానే సగం ధరకు అడిగేవారు మరికొందరు. విసిగిపోయిన మనిషి, రొక్కం పట్టుకుని వచ్చిన మొదటివాడికి ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి తాళం ఇచ్చేస్తున్నాడు. దళారులకు కావలసినది కూడా అదే. తమ పేరు ఎక్కడా రాకుండా మళ్లీ అమ్ముకోవడానికి ఆ ఖాళీ సంతకాలు పనికివస్తున్నవి.

కొనేవాని సంగతి చూద్దాం. అంబాసిడర్ కారు తయారీ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 2014 మే నెలలో ఆగిపోయింది. కనుక యిప్పుడు దొరికేవన్నీ పాతవే. లప్పం పెట్టి రంగు వేస్తే అడుగున వున్న తుప్పు కనపడదు. మీటరు వెనక్కి తిప్పితే తిరిగిన దూరం తెలియదు. మనం పోకముందే ఇంజను వేడి చేసి వుంచితే దాని జబ్బు బయటపడదు. పెట్రోలు ఇంజను తీసేసి డీజిలు ఇంజను బిగించిన కార్లు చాలా వున్నవి. ఆ మార్పు ఆర్.సి.లో ఎక్కకపోతే తనిఖీలో ఆగిపోవలసిందే. చిన్న సామాను కోసం చెన్నై పుదుపేట దాకా పోవలసి వస్తున్నది.

రుసుముల భారం కూడా తక్కువేమీ కాదు. 15 ఏళ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించే రుసుము 2022 ఏప్రిల్ 1 నుంచి 600 రూపాయల నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దానిని 10,000 రూపాయలు చేశారు. డెబ్బై వేలకు కొన్న బండికి ఇంత కట్టాలంటే ఎవరికైనా చేయి వెనక్కే పోతుంది. ముచ్చటకు వుంచుకునే 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021 జూలైలో వేరే నిబంధనలు వచ్చినవి. వాటికి "వి.ఏ." అక్షరాలతో నంబరు ఇస్తారు. కాని వాటిని రోజువారీ తిరుగుడుకు, బాడుగకు వాడకూడదు. కనుక మన రైతుకు అవి ఉపయోగపడేవి కావు.

15 ఏళ్లు నిండితే బండి తుక్కే అన్న పుకారు కూడా బేరాలను చెడగొడుతున్నది. ఢిల్లీ ప్రాంతంలో పెట్టిన వయసు ఆంక్షలు మన జిల్లాకు వర్తించవు. సొంత కారును తనిఖీ చేయించి, ఐదేళ్లకొకసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు. ప్రభుత్వ శాఖల బండ్ల సంగతి వేరు. 15 ఏళ్లు దాటిన వాటికి 2023 ఏప్రిల్ 1 నుంచి పొడిగింపు లేదు. పూర్వం మాదిరి ఆఫీసు జీపు వేలంలో వస్తుందని ఎవరైనా ఆశపెడితే నమ్మరాదు.

ఇక చేయవలసినదేమిటి? మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం, మన రాష్ట్రంలోనే అమ్మినప్పుడు, అమ్మినవారు 14 రోజుల్లోగా ఆర్.టి.ఓ.కు తెలియపరచాలి. కొన్నవారు 30 రోజుల్లోగా తెలియపరచాలి. అమ్మకం తెలియజేసేది 29వ నంబరు ఫారం, పేరు మార్పుకు 30వ నంబరు ఫారం. అప్పు మీద కొన్న బండి అయితే, అప్పు తీరిందని ఫైనాన్సు వారు సంతకం చేసే 35వ నంబరు ఫారం కూడా కావాలి. తమిళనాడు, కర్ణాటక నంబరు బండి చవకగా వస్తున్నదని సంబరపడేవారు, అక్కడి ఆర్.టి.ఓ. ఇచ్చే నిరభ్యంతర పత్రం, ఇక్కడ మళ్లీ కట్టవలసిన పన్ను లెక్కవేసుకున్న తర్వాతే బేరానికి దిగాలి. యజమాని చనిపోతే వారసులు మూడు నెలల్లోగా 31వ నంబరు ఫారంతో పేరు మార్పించుకోవాలి. బీమా పేరు మార్పుకు కొన్నవారు 14 రోజుల్లోగా కంపెనీకి దరఖాస్తు పెట్టుకోవాలి.

కొనేవారు బండి చూడడానికి తెల్లవారుజామున, ఇంజను చల్లగా వుండగా పోవడం మేలు. నమ్మకమైన మెకానిక్కును వెంట తీసుకుపోవాలి. ఇంజను నంబరు, చాసిస్ నంబరు ఆర్.సి.తో సరిచూసుకోవాలి. పరివాహన్ వెబ్‌సైటులో బండి నంబరు కొడితే రిజిస్ట్రేషన్, బీమా గడువులు తెలుస్తవి. చదువుకునే పిల్లలు ఇంట్లో వుంటే ఐదు నిమిషాల పని.

అమ్మేవారికి ఒకటే మాట. డబ్బు మొత్తం ముట్టినా, కొన్నవాడు చుట్టమే అయినా, ఖాళీ ఫారం మీద సంతకం పెట్టవద్దు. ఇద్దరూ కలిసి పని పూర్తి చేసుకునేదాకా ధరలో కొంత సొమ్ము పెద్దమనిషి దగ్గర వుంచే ఆనవాయితీ పెట్టుకుంటే ఇరువురికీ మంచిది. భూమి కొన్నప్పుడు రిజిస్ట్రేషన్ కాకుండా డబ్బంతా ఇస్తున్నామా? బండి విషయంలో మాత్రం ఆ తెలివి ఎందుకు వుండకూడదు?

రవాణా శాఖ అధికారులకు కూడా ఒక విన్నపం. కూలి పోగొట్టుకుని, ఊరు దాటి వచ్చి, ఏ ఫారం ఎక్కడ ఇవ్వాలో తెలియక జనం దళారుల చేతుల్లో పడుతున్నారు. నెలకొక రోజు మండల కేంద్రంలో పేరు మార్పిడి శిబిరం పెడితే, ఎన్నో ఏళ్లుగా పాత పేర్ల మీద తిరుగుతున్న బండ్లు ఒక దారికి వస్తవి. ఇందువల్ల ప్రభుత్వానికి రుసుములు వస్తవి, పోలీసులకు పని తగ్గుతుంది, బాధితులకు న్యాయం త్వరగా జరుగుతుంది. జిల్లా అధికారులు ఈ విషయం పరిశీలించవలసిన అవసరమెంతైనా వున్నది.

మా మామ కేసు వాయిదా వచ్చే నెలలో పడింది. ఆ రోజున ఆయన మళ్లీ బస్సెక్కాలి. అమ్మిన బండి కోసం యింకా ఛార్జీలు పెట్టుకుంటున్నాడు. అటువంటి వాయిదా మరొకరి ఇంటికి రాకముందే, ఏనాడో అమ్మిన బండి యింకా ఎవరి పేరు మీద వున్నదో ప్రతి ఒక్కరూ ఈ వారంలోనే చూసుకోవాలి.