నెరసిన తలకు పరిమళము తగదా?

వరాహమిహిరుడు బృహత్సంహితలో సుగంధముల తయారీకి ప్రత్యేకముగ ఒక అధ్యాయమును కేటాయించెను. దానికి గంధయుక్తి యని పేరు. క్రీస్తుశకము 6వ శతాబ్దమునాటి ఆ జ్యోతిశ్శాస్త్రవేత్త గ్రహచారమును, వర్షమును, భూకంపములను గూర్చి వ్రాసిన చేతితోనే తలనూనెలు, స్నానచూర్ణములు, ధూపములు ఎట్లు కూర్చవలెనో వివరించెను. గణితము బోధించు వారికి ప్రీతి కలిగించు విషయము కూడ అందొకటి కలదు. 16 ద్రవ్యములనుండి నాలుగేసి చొప్పున ఏరుకొన్నచో 1,820 విధముల ఏరుకొనవచ్చునని ఆయన లెక్కగట్టెను. నేటి విద్యార్థి సంయోగముల సూత్రముతో లెక్కించి చూచినను అదే సంఖ్య వచ్చును.

ఇంతటి రసజ్ఞుడు ఆ అధ్యాయమును ఒక కఠినమైన తీర్పుతో ఆరంభించుట విచిత్రము. పూలదండలు, గంధములు, ధూపములు, మంచి వస్త్రములు, నగలు, ఇవేవియు తెల్లవెండ్రుకల వానికి శోభింపవని ఆయన యభిప్రాయము. కావున మొదట తలకు రంగు వేసికొనవలెను. తక్కిన అలంకారములన్నియు ఆ పిమ్మటనే.

పదునాలుగు శతాబ్దములు గడచినవి. తీర్పు మాత్రము మన యిండ్లలో ఇంకను అమలులోనే యున్నది. అరువది దాటిన తండ్రి ఒక సెంటు సీసా తెచ్చుకొన్నచో, "ఈ వయస్సులో ఈ సోకులెందుకు నాన్నా?" అని కుమారుడు నవ్వును. ఇల్లాలు నవ్వదు గాని, ఈయన ఎక్కడికి బయలుదేరుచున్నాడో యని ఒకసారి తలయెత్తి చూచును. నవ్విన కుమారుడు మాత్రము ప్రతి ఉదయము చొక్కా తడియునంతగా చల్లుకొనియే కచేరీకి పోవుచుండును. అది సోకు కాదు, నాగరికత!

ఈ నవ్వు వెనుకనున్న భావము పరీక్షింపదగినది. పరిమళము యౌవనమునకు పరికరమనియు, ఎవరినో ఆకర్షించుటకే అది యున్నదనియు, ఆకర్షించు వయస్సు దాటినవానికి దానితో పని లేదనియు ఆ నవ్వు చెప్పుచున్నది. మన కావ్యములు ఈ భావమునకు కొంత బాధ్యత వహింపవలెను. మనుచరిత్రలో హిమాలయమున దారి తెలియక తిరుగుచున్న ప్రవరునకు, వరూధిని కంటబడుటకు ముందే ఆమె యునికిని తెలిపినది కస్తూరి, కర్పూరము, తాంబూలము కలసిన గాలి. పెద్దన ఆ ఘట్టమును ఎంత హృద్యముగ నడిపెనో తెలుగు పాఠము చెప్పువారికి వేరుగ చెప్పనక్కరలేదు. కాని కావ్యము పరిమళమును శృంగారమునకు అప్పగించినది. ఇంటి ఆచారము దానిని మర్యాదకు అప్పగించినది. పెండ్లిపందిరి ద్వారముకడ పన్నీరు చిలుకరించి గంధము పూయునపుడు వచ్చినవారి వయస్సు ఎవరడిగిరి? నిజమునకు ముందుగ పెద్దలకే పూయుదురు. తలపండిన తాతగారు చేయి చాపి గంధము పూయించుకొనుచుండగా, ఈ వయస్సులో ఎందుకని ప్రశ్నించిన పెండ్లివారు ఇంతవరకు పుట్టలేదు.

హైదరాబాదు పాతబస్తీలో ఈ మర్యాద మరింత స్పష్టముగ కానవచ్చును. తెల్లగడ్డపు పెద్దలు చిన్న దూది ఉండకు అత్తరు అద్ది చెవి మడతలో ఉంచుకొని శుక్రవారపు ప్రార్థనకు పోవుట అచ్చట పాత అలవాటు. స్నానము, శుభ్రమైన వస్త్రము, సువాసన, ఈ మూడును ఒకే వరుసలోనివి. సాటివారితో భుజము భుజము చేర్చి నిలువవలసినవాడు వారి ముక్కుకు కష్టము కలిగింపరాదను తలంపు దానిలో నున్నది. ఈ తలంపునకు యౌవనముతో గాని వార్ధక్యముతో గాని సంబంధము లేదు.

ఇంకొక ఆక్షేపణ మరింత గంభీరమైనది. దానిని పలికినవాడు సోక్రటీసు. జెనొఫన్ వ్రాసిన విందుగోష్ఠిలో, పరిమళ తైలము పూసికొన్నచో బానిసయు స్వతంత్రుడును ఒకే వాసన వేయుదురనియు, పురుషునకు వ్యాయామశాలలోని నూనె వాసనయే చాలుననియు ఆయన వాదించును. మరి వ్యాయామశాలకు పోవు వయస్సు దాటినవారు ఏ వాసన వేయవలెనని ఒకరు అడుగగా, సౌశీల్యపు వాసన యని బదులు చెప్పును. మాట గొప్పదే. కాని ఒకని సౌశీల్యము ప్రక్కవానికి తెలియుటకు కొన్ని సంవత్సరములు పట్టును. చెమట వాసన తెలియుటకు ఒక నిమిషము చాలును.

ఇక వార్ధక్యమునకు ప్రత్యేకమైన వాసన యొకటి కలదా యను ప్రశ్న. కలదనియే శాస్త్రము చెప్పుచున్నది. చర్మముమీది కొవ్వుపదార్థములు గాలితో కలసి మార్పు చెందుటవలన పుట్టు నోనినాల్ అను పదార్థమును, 40 ఏండ్లు దాటినవారి శరీరగంధములో జపాను పరిశోధకులు గుర్తించి 2001లో ప్రకటించిరి. ఈ వార్తను అంగడివారు వెంటనే అందిపుచ్చుకొని, ముసలివాసన పోగొట్టు సబ్బులని అమ్మసాగిరి. 2012లో అమెరికాలోని మోనెల్ సంస్థవారు పాలుపంచుకొన్న మరియొక పరిశోధన ఫలితము వెలువడినది. దానికి అంత ప్రచారము రాలేదు. యువకులు, నడివయస్సువారు, 75 దాటిన వృద్ధులు, ఈ మూడు తరగతులవారు కొన్ని రాత్రులు ధరించిన బట్టలనుండి సేకరించిన వాసనలను ఎవరివో చెప్పక యువతీయువకులకు చూపిరి. వృద్ధుల వాసనను వారు గుర్తుపట్టగలిగిరి. కాని అది తక్కిన రెండు తరగతులవారి వాసనకంటె తక్కువ తీవ్రమైనదనియు, తక్కువ అప్రియమైనదనియు తీర్పు చెప్పిరి. ఎవరిదో తెలియనంతవరకు ముసలివాసన పిల్లలకు బాధ కాదన్నమాట!

తాతగారి గది వాసన యని ఇండ్లలో చెప్పుకొనునది చాలవరకు తాతగారి శరీరమునకు సంబంధించినది కాదు. ఎండ తగులని పరుపు, మూసియుంచిన కిటికీ, నశ్యపు డబ్బా, మోకాళ్లకు రాసిన నొప్పితైలము, తలగడక్రింది అమృతాంజనము, ఇవన్నియు కలసి ఆ వాసన యగును. (1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో ఆరంభించిన ఆ పసుపుపచ్చని లేపనము తెలుగు వృద్ధులకు తెలియకుండనే వారి సెంటై కూర్చున్నది.) వీటిని అత్తరుతో కప్పజూచువాడు రెండు వాసనలను కలిపి మూడవ వాసన పుట్టించును. కిటికీ తెరచుట, పరుపు ఎండవేయుట మొదటి పని. ఆ పని కొడుకులు, కోడండ్రు చేయవలసినది కాని, సీసా చేయగలిగినది కాదు.

వార్ధక్యమున నిజముగ ఆలోచింపవలసినది శరీరమును గూర్చి కాదు, ముక్కును గూర్చి. కన్ను మందగించినచో అద్దములు తెచ్చుకొందురు. చెవి మందగించినచో ఎదుటివారు గొంతు పెంచుదురు. ముక్కు మందగించుట మాత్రము అది కలిగినవానికే తెలియదు. 1984లో సైన్స్ పత్రికలో ప్రకటింపబడిన అమెరికా పరిశోధన ప్రకారము, 65 నుండి 80 ఏండ్ల లోపువారిలో సగముకంటె ఎక్కువమందికి వాసన గుర్తించు శక్తి బాగుగ తగ్గియున్నది. 80 దాటినవారిలో నూటికి 75 మందికి మించి అదే స్థితి. దీనికి తోడు, ఎంత చక్కని ముక్కైనను తన ఒంటిమీది వాసనకు కొద్ది నిమిషములలోనే అలవాటుపడి దానిని గుర్తించుట మానును. ఫలితమేమి? నిరుడు ఒక చుక్కతో తృప్తిపడిన పెద్దమనిషి ఈ యేడు రెండు చుక్కలు వేసికొనును. వచ్చు సంవత్సరము మూడు. ఆయన దృష్టిలో ఏమియు మారలేదు. సీసాలోని సరకే పలుచబడినదని అంగడివానిని నిందించును. బస్సులో ప్రక్కనున్నవారు కిటికీ తెరతురు. ఇంటిలో పిల్లలు ఒకరినొకరు చూచుకొని నవ్వుదురు. ఆయనతో చెప్పువారొక్కరును ఉండరు.

ఈ మౌనము మర్యాద యని పించుకొనుచున్నది గాని, నిజమునకు క్రూరమైనది. అత్తరు ఎక్కువైనదని తెలియని ముక్కునకు పాలు విరిగినదియు, కూర మాడినదియు, వంటగదిలో గ్యాసు కారుచున్నదియు తెలియకపోవచ్చును. వయస్సుతో క్రమముగ కాక, ఉన్నట్టుండి వాసన తెలియకపోయినచో వైద్యునకు చెప్పవలసినదే. కావున "తాతయ్యా, ఈ రోజు సెంటు కొంచెము ఎక్కువైనది" అని చెప్పగలిగిన మనుమడు ఆయన పరువును కాపాడుటయే కాదు, ఒక్కొక్కప్పుడు ప్రాణమును కూడ కాపాడినవాడగును. వృద్ధుడు సైతము ఆ మాటను పరిహాసముగ తీసికొనరాదు. కన్నులకు అద్దములు ఎట్టివో ఆ మనుమని ముక్కు ఆయనకు అట్టిది.

ఏ పరిమళమును ఎన్నుకొనవలెను? మన యిండ్లకు యుడికొలోను కొత్తది కాదు. జ్వరమువచ్చిన వాని నుదుట తడిగుడ్డతో వేయునదిగ దానిని పాతతరమువారు ఎరుగుదురు. అందలి మద్యసారము ఆవిరియగుచు నుదుటి వేడిని తీసికొనిపోవును. విజ్ఞానశాస్త్రపు ఉపాధ్యాయునకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు. జర్మనీలోని కొలోన్ నగరమునకు ఇటలీనుండి వచ్చి స్థిరపడిన ఫరీనా కుటుంబము 1709లో నెలకొల్పిన వర్తకశాల దీనికి ఖ్యాతి తెచ్చినది. నారింజ, నిమ్మ, బెర్గమోట్ తొక్కల తైలములు దీనికి ప్రాణము. సామాన్యముగ నూటికి 2 నుండి 5 పాళ్లు మాత్రమే సుగంధతైలముండుటచేత గంట రెండు గంటలలో ఎగిరిపోవును. కుర్రవారు దీనిని లోపమని తలతురు. ముక్కు మందగించినవానికి ఇదియే గుణము. పొరపాటున ఎక్కువ పోసికొన్నను మధ్యాహ్నమునకు ఆ పొరపాటు మాసిపోవును. దీనిని మెడకు పూసికొని ఎండలో తిరుగరాదు. బెర్గమోట్ తైలము కొందరి చర్మముపై నల్లని మచ్చలు తెచ్చును. చేతిరుమాలుకు చిలుకరించుకొనుట మేలు.

అత్తరు స్వభావము దీనికి పూర్తిగ వ్యతిరేకము. ఉత్తరప్రదేశములోని కన్నౌజులో రాగి డేగిసాలలో పూలను నీటితో కాచి, ఆ ఆవిరిని చందనతైలములోనికి దింపుదురు. మద్యసారము లేనందున అది ఎగిరిపోదు; మెల్లమెల్లగ విచ్చుకొని సాయంత్రమువరకు నిలుచును. చందనతైలము ప్రియమైన పిమ్మట చౌకరకములలో దాని స్థానమున ఖనిజతైలము చేరినది. చౌక అత్తరు ఘాటు తలనొప్పి పుట్టించినచో నింద పూలకు కాక ధరకు చెందవలెను. వృద్ధాప్యమున చర్మము పొడిబారుటవలన ఏ పరిమళమైనను త్వరగ జారిపోవును. అందులకు రెండవ చుక్క మందు కాదు. ముందుగ చేతికి ఒకింత కొబ్బరినూనె రాసికొన్నచో మొదటి చుక్కయే నిలుచును.

రకముల విషయమున ప్రకటనలను నమ్ముటకంటె జ్ఞాపకమును నమ్ముట మంచిది. ప్రకటనలలోని సీసాలన్నియు పాతికేండ్ల యువకుని ఉద్దేశించినవి. అవి పూసికొన్న వృద్ధుడు కుమారుని చొక్కా తొడిగికొన్నట్లుండును. వేసవిలో ద్వారమునకు కట్టి నీరు చల్లిన వట్టివేళ్ల తడికలు ఎరిగినవానికి వట్టివేరు అత్తరు ఎవరును నేర్పనక్కరలేదు. ఉత్తర కోస్తావారికి పొరుగున నున్న గంజాం జిల్లా మొగలిపూల తైలమునకు ప్రసిద్ధము. కాని అది ఘాటైనది, బయటి గాలికే తప్ప నాలుగు గోడల నడుమ తగదు. చందనము ఎచ్చటనైనను చెల్లును.

తరగతి గదిని గూర్చి ఒక మాట. నలుబదిమంది పిల్లలలో ఉబ్బసము కలవారు, ఘాటుకు తలనొప్పి వచ్చువారు ఒకరిద్దరైనను ఉందురు. పెండ్లిలో ప్రక్కకు జరుగవచ్చును. తరగతిలో ముందు బల్లపై కూర్చున్న పిల్లవాడు ఎక్కడికి జరుగును? పదవీవిరమణకు చేరువైన మాస్టారు బడికి పోవునపుడు, చేయి చాపినంత దూరములో తెలిసి దానికి ఆవల తెలియనంత పరిమళమే పెట్టుకొనవలెను. అంతకు మించినది సాయంకాలపు సభలకు దాచుకొనవచ్చును.

కొనువిధమునుగూర్చి పాతబస్తీ అనుభవజ్ఞులను చూచి నేర్చుకొనవలెను. వారు మూత తీసి వాసన చూచి వెంటనే బేరమాడరు. గాజుపుల్లతో మణికట్టుమీద ఒక గీత గీయించుకొని, రెండవ రకము చూడకుండ దుకాణము దిగుదురు. చార్మినారు ప్రక్కన ఒక చాయ్ త్రాగి, గంటసేపు తమ పని చూచుకొందురు. మొదటి ఘాటు పోయి అసలు సరకు బయటపడుటకు అంత వ్యవధి కావలెను. ఆ పిమ్మటకూడ తీర్పు తమ ముక్కునకు విడువక, ఇంటికిపోయి మనుమరాలి యెదుట చేయి చాపుట మరింత మంచిది. ఆ పిల్ల ముక్కు చిట్లించినచో మరునాడు పోయి వేరొక గీత గీయించుకొనవచ్చును. దుకాణము ఎక్కడికిని పోదు.