కాకిని వెక్కిరించకండి

మార్చి ఆఖరుకు మన పేటల్లో మగ్గాల చప్పుడును దాటి ఒక గొంతు లేస్తుంది. కోయిల. దాని వెనకే ఇండ్లల్లో ఒక పాత మాట కూడా వస్తుంది: "కాకికి తెలివి లేదు, కోయిల గుడ్డును తన గుడ్డే అనుకుంటది." చిన్నప్పటి నుంచి విని నవ్వినం. ఈసారి నాకు నవ్వు రాలేదు. కాకి తరఫున నాలుగు మాటలు రాయాలనిపించింది.

మా ఇంటి వెనక వేపచెట్టు మీద కాకి గూడు ఉంది. పుల్లలు, ఇనుప తీగ ముక్కలు, మధ్యలో చద్దర్ల కార్ఖానా పడేసిన నూలు పోగులు. కోయిల దగ్గరికి వస్తే చాలు, కాకులు అరుచుకుంటూ తరిమి కొడతాయి. అంటే శత్రువెవరో దానికి బాగా తెలుసు. కానీ ఒకసారి గుడ్డు గూట్లో పడ్డాక ఏరి పారెయ్యదు. కోయిల గుడ్డు కొంచెం చిన్నది, అయినా ఆ పచ్చటి రంగు, గోధుమ చుక్కలు కాకి గుడ్డుకు దగ్గరగానే ఉంటాయి. పైగా కాకి పిల్ల కంటే ముందే కోయిల పిల్ల బయటికి వస్తుంది.

తనది కాని గుడ్డును పారేసే పిట్టలు లేవా? ఉన్నాయి. యూరప్‌లో రెల్లు పొదల్లో గూడు కట్టే ఒక చిన్న పిట్ట అక్కడి కోకిల గుడ్డును గుర్తుపట్టి తోసేస్తుంది. అయితే ఒక్కోసారి పొరపాటున తన గుడ్డునే తోసేస్తుంది. నాకు అసలు విషయం ఇక్కడ కనపడింది. మన ఇండ్లల్లో బీడీలు చుట్టేవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. బీడీలు అప్పజెప్పేటప్పుడు ఛాట్ తీస్తారు కదా. చెయ్యి కఠినంగా పడితే మంచి బీడీలు కూడా పోతాయి, వాటికి కూలి రాదు. మెత్తగా పడితే చెడ్డవి కట్టలో కలుస్తాయి. రెండు తప్పులూ లేకుండా ఛాట్ తీసే మనిషిని నేనింకా చూడలేదు. పిట్టకు కూడా అంతే, కాకపోతే దాని తప్పుకు నష్టం దానికే. యూరప్ కోకిల పిల్ల గూట్లోని మిగతా గుడ్లన్నిటినీ కింద పడేస్తుంది కాబట్టి అక్కడ తెగించక తప్పదు. మన కోయిల పిల్ల మామూలుగా అలా చెయ్యదు. కాకి పిల్లలు కొన్ని దానితోపాటే బతుకుతాయి కూడా. మరి తన గుడ్డును పోగొట్టుకునే ప్రమాదం కాకి ఎందుకు తెచ్చుకోవాలి?

మన పేరున్న పిట్ట సంగతి కూడా చెప్పాలి. గిజిగాడి జాతిదే, ఆఫ్రికాలో ఊళ్ల పక్కన గుంపులుగా గూళ్లు అల్లే నేతపిట్ట. ఒక తల్లి పెట్టే గుడ్లన్నీ ఒకే తీరుగా ఉంటాయి, పక్క తల్లి గుడ్లు మాత్రం వేరే రంగు, వేరే చుక్కలు. మన చీర అంచు చూసి ఎవరి మగ్గమో చెప్పినట్టు, అది తన గుడ్డును పోల్చుకుంటుంది. ఈ పిట్టను మనుషులు 1886లో మారిషస్‌కు తీసుకుపోయారు. అక్కడ దాన్ని మోసం చేసే కోకిల లేదు. డేవిడ్ లాహ్టి అనే శాస్త్రవేత్త 2005లో రాసినదాని ప్రకారం, అక్కడ తల్లికీ తల్లికీ మధ్య గుడ్ల తేడా తగ్గింది, ఒకే గూట్లో గుడ్లు మాత్రం ఒకదానికొకటి పోలకుండా అయ్యాయి. మోసం లేనిచోట గుర్తులు కూడా చెదిరిపోయాయి.

ఇదంతా తెలుగు డిపార్ట్‌మెంట్ గోడ మీద ఎందుకు అంటారేమో. కోయిలకు మన పుస్తకాల్లో పేరే పరభృతం, అంటే ఇతరులు పెంచినది. అభిజ్ఞాన శాకుంతలం అయిదో అంకంలో దుష్యంతుడు అందరి ముందూ శకుంతలను ఈ కోయిలతోనే పోలుస్తాడు. ఆడకోయిల తన పిల్లల్ని వేరే పక్షులతో పెంచుకుంటుంది, ఆడవాళ్లకు ఆ టక్కరితనం ఎవరూ నేర్పక్కర్లేదు అని. కడుపుతో ఉన్న మనిషిని పట్టుకొని! ఇంకా నయం, వసంతంలో కూసేది మగకోయిల, పాటకు పేరు మాత్రం "కోయిలమ్మ"ది. టక్కరితనం ఒక్కటే ఆడదాని ఖాతాలో రాశారు.

తీరా చూస్తే అక్కడ మోసం లేదు. కడుపులో ఉన్నది అతని బిడ్డే. తాను మోసపోకూడదు, ఇంకొకరి బిడ్డను సాకకూడదు అన్న జాగ్రత్తలో రాజు తన గుడ్డునే తోసేశాడు, ఆ రెల్లు పిట్టలాగా. శాపం వల్ల మరిచిపోయాడని మేడమ్ క్లాసులో చెప్పారు, నాకు గుర్తుంది. మరిచిపోవడం శాపం వల్లే కావచ్చు, ఆ పోలిక మాత్రం ఏ శాపంలోనూ లేదు.

మొన్న మా గల్లీలో ఒక పెద్దావిడ, కోడలి బిడ్డ రంగు చూసి "ఇది ఎవరి గూటి పిల్లో" అంది. అందరూ నవ్వారు. ఆ కోడలు నవ్వలేదు, బిడ్డను ఎత్తుకొని లోపలికి పోయింది.

శాకుంతలం పాఠం మళ్లీ వచ్చే వారం ఉంది. మేడమ్‌ను ఒకటి అడగాలనుకుంటున్న: కాళిదాసు ఆ కోయిల మాటను వేరే ఎవరి నోటా కాకుండా, తప్పు చేస్తున్న మనిషి నోటనే ఎందుకు పెట్టాడు?