పేరు ముందు ‘డా.’

శుభలేఖలో పెళ్లికొడుకు పేరు ముందు ‘డా.’ అని కనిపిస్తే మా ఇంట్లో వెంటనే వచ్చే ప్రశ్న: ‘‘మందులిచ్చే డాక్టరా, చదువుకున్న డాక్టరా?’’ మందులిచ్చేవాళ్లు చదువుకోనట్టు! యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి అడిగితే ‘రెండూ’ అనాల్సొచ్చేది. మద్రాసులో వైద్యం చదివి, 1930లో హార్వర్డ్‌లో పీహెచ్‌డీ పట్టా పుచ్చుకున్నారాయన.

అందరికీ ఆ వెసులుబాటు ఉండదు. జానపద గేయాల మీద పరిశోధన చేసినాయన్ని పట్టుకుని మోకాలి నొప్పికి మాత్ర రాయమంటారు. అందుకేనేమో, కొందరు ఆ పట్టాను బీరువాలో పెట్టి ఊరుకుంటారు. అదీ ముచ్చటే.

అయితే ఆ ఒక్క అక్షరం వెనక ఎంత కథ! గైడు కొట్టేసిన పేజీలు, డీటీపీ సెంటర్లో పొద్దుపోయేదాకా దిద్దుకున్న ప్రూఫులు, చివరికి బంగారు రంగు అక్షరాలతో బైండింగు. వైవా రోజు గొంతు తడారిపోతుంది. పొరుగూరి నుంచి వచ్చిన ఎగ్జామినరు అడగాల్సినవన్నీ అడిగి, ‘‘కంగ్రాట్స్ డాక్టర్’’ అంటారు. వెనక వరసలో ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూర్చున్న తండ్రికి అప్పటిదాకా నడిచిన చర్చలో ముక్క అర్థం కాకపోయినా, ఆ మాట మాత్రం అర్థమవుతుంది. మర్నాడు పెయింటర్‌ని పిలిచి గేటు మీద రాయించేది చాలాసార్లు ఆయనే.

ఆ గేటు చూసి నవ్వడానికి నాకు మనసొప్పదు. పేరు చెప్పగానే కుర్చీ వేసే ఇళ్లలో పుట్టినవాళ్లకు ‘బిరుదులెందుకండీ’ అనడం తేలిక. తాతను, తండ్రిని ఊరంతా ‘ఒరేయ్’ అని పిలవగా విన్న పిల్లలకు ఆ అక్షరం అలంకారం కాదు. బడిలో అందరికీ దూరంగా గోనెపట్టా మీద కూర్చున్న అంబేడ్కర్ 1923లో లండన్‌లో డీఎస్సీ, 1927లో కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ అందుకున్నారు. ‘డాక్టర్’ లేకుండా ఆయన పేరెత్తడానికి ఈనాటికీ చాలామందికి నోరు రాదు.

జనం లెక్కలు మాత్రం వేరు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారివి గౌరవ డాక్టరేట్లే. అయినా నోరు తెరిస్తే ‘డాక్టర్ రాధాకృష్ణన్’ అంటాం. ఉస్మానియాలో ఆధునికాంధ్ర కవిత్వం మీద పరిశోధించి పట్టా సంపాదించిన నారాయణరెడ్డి గారినేమో చనువుగా ‘సినారె’ అనేశాం.

కొత్తగా పట్టా వచ్చినవాళ్లు వాట్సాప్‌లో, పెళ్లి చదివింపుల కవరు మీద కూడా ‘డా.’ రాసుకుంటారు. రాసుకోనిద్దాం. పెళ్లికూతురి పారాణిలా అది కొన్నాళ్లకు దానంతటదే పలచబడుతుంది. క్లాసులో పిల్లలు ఎటూ ‘సార్’ అనో ‘మేడమ్’ అనో పిలుస్తారు. డాక్టర్ అనమని వాళ్లను సరిదిద్దిన మాస్టారిని నేనింతవరకు చూడలేదు.