కనిపించని 25వ బైటు

జీవితమంతా పిల్లలకు సంధులు, సమాసాలు చెప్పినవాణ్ణి. ఉద్యోగ విరమణ తరువాత సీ భాష నేర్వాలన్న బుద్ధి పుట్టి, పద్యాలలోని పదాలను ఏరి ఒక్కొక్కదానికి ప్రతి తీసి దాచే చిన్న ప్రోగ్రాము వ్రాశాను. ‘తెలుగు’ అంటే పనిచేసింది. ‘భారతము’ అన్నా పనిచేసింది. ‘పద్యములు’ అన్న మాట తగిలిన పిదప కుప్పకూలింది! రెండు దినాలు తల పట్టుకొని కూర్చున్నాను.

ఆ మాట పండితునికి 4 అక్షరాలు. పొల్లును, కొమ్ములను వేరుగా ఎంచే యూనికోడుకు 8 సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కొక్కటి 3 బైట్లు గనుక 24 బైట్లు. సీ భాషకు మాత్రం 25; చివర సున్న బైటు ఉండితీరాలి. స్ట్ర్‌లెన్ దానిని లెక్కించదు. ఒకటి కలపడం నేను మరచాను. మా 64 బిట్ల లినక్సులో మాలాక్ చిన్న కోరికలకు 24 బైట్ల చోటిస్తుంది గనుక 18 బైట్ల ‘తెలుగు’ బతికిపోయింది. ‘పద్యములు’ విషయంలో ఆ సున్న పొరుగు గది పరిమాణాన్ని చెరిపింది.

తప్పు నాదే. అయినా కొలవడం, ఒకటి కలపడం, చోటు అడగడం, దొరికిందో లేదో చూడడం, నకలు చేయడం – ఇన్ని పనులను ప్రతిచోటా చేత్తో వ్రాయడమెందుకు? స్ట్ర్‌డప్ అన్న ఒక్క పిలుపు వీటిని చేసిపెడుతుంది. యూనిక్సులలో ఏనాటినుంచో ఉన్న ఈ ప్రమేయానికి సీ ప్రమాణంలో పీట దొరికింది మాత్రం 2024లో వెలువడిన సీ23తోనే.

చోటు అడగడాన్ని ప్రమేయం లోపల దాచడం సీ స్వభావానికి విరుద్ధమని కొందరి ఆక్షేపణ. అందులో సబబు లేకపోలేదు. స్ట్ర్‌డప్ ఇచ్చినదాన్ని ఫ్రీ చేయవలసిన బాధ్యత మనదే. చోటు దొరకకపోతే నల్ వస్తుంది, అదీ చూసుకోవాలి. కాని ఒక్క బాధ్యతను గుర్తుంచుకోవడం, అయిదింటిని గుర్తుంచుకోవడం ఒకటి కావు గదా!

స్ట్ర్‌ఎన్‌సీపీవై మందు అనేవారితో మాత్రం ఏకీభవించలేను. చోటు చాలకుంటే అది సున్న పెట్టదు. పైగా మన అక్షరాన్ని మూడు బైట్ల నడుమ నరికివేయగలదు.

వ్యాకరణంలో సూత్రానికి లాఘవం గుణమని చదువుకున్నాము. సూత్రకారుడు పొదుపు చేసినది మాటలను కాదు, మనం తప్పు చేసే అవకాశాలను. ప్రోగ్రాముకైనా అదే నీతి అని నా అభిప్రాయం. మిత్రులు కాదంటే వినడానికి సిద్ధంగా ఉన్నాను.